పిల్లిని రాత్రివేళ బయటికి విడువవచ్చునా?

గుడివాడ నుండి మచిలీపట్నం పోయే దారిలోని గుడ్లవల్లేరు చుట్టుప్రక్కల అంతా వరి పొలాలే. 1855లో బెజవాడ వద్ద కృష్ణ ఆనకట్ట పూర్తి అయి కాలువలు పారిన తరువాత ఈ ప్రాంతం ధాన్యానికి పేరు పొందినది. ధాన్యం ఉన్న చోటికి ఎలుక రాక మానదు; ఎలుక ఉన్న చోట పిల్లికి పని ఉండక మానదు. గాదెలు, పురులు ఉన్న ఇంట రాత్రివేళ పిల్లి తిరుగుట లాభమే. నేడు పెక్కు ఇండ్లలో గాదె లేదు, పిల్లి మాత్రం ఉన్నది. ముద్దుగా పెంచుకొనే పిల్లిని చీకటి పడిన తరువాత బయటికి పోనీయవలెనా, ఇంటనే ఉంచవలెనా? ఈ ప్రశ్నకు చరిత్రలో కొంత సమాధానం దొరుకుతుంది.

పిల్లికి మానవునితో స్నేహం ధాన్యం వల్లనే కలిగినది. పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికాలలోని ఒక అడవిపిల్లి జాతి నేటి ఇంటి పిల్లికి మూలం. సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 ఏండ్ల నాటి సమాధిలో, మనిషి అస్థిపంజరానికి చేరువనే పూడ్చిన పిల్లి అస్థిపంజరం దొరికినట్లు 2004లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ప్రకటించారు. గొఱ్ఱెను, మేకను మనిషి పట్టి మచ్చిక చేశాడు. పిల్లి అట్లా కాదు. ఎలుకలను వెదకుకొంటూ అదే వచ్చినది. కనుకనే దాని వేట స్వభావం నేటికీ చెక్కుచెదరలేదు. కడుపు నిండిన పిల్లి కూడ వేటాడుతుంది.

ఈ స్వభావాన్ని వైద్యులు సయితం ఒకప్పుడు మెచ్చుకొన్నారు. 1896లో బొంబాయిలో ప్లేగు ప్రబలినది. ఎలుకల మీది గోమార్ల ద్వారా ఆ వ్యాధి మనుష్యులకు సోకుతుందని 1898లో సైమండ్ అనే ఫ్రెంచి వైద్యుడు కరాచీలో చూపించాడు. అప్పుడు ఎలుకలను చంపే మార్గాలపైకి అందరి దృష్టి మళ్ళినది. భారత వైద్య శాఖకు చెందిన బుకానన్ అనే వైద్యుడు, ఇంటింటా పిల్లిని పెంచితే ప్లేగు రాదని 1908లో వ్రాశాడు. అందులో సగమే నిజమని తరువాత తేలినది. పిల్లికి కూడ ప్లేగు వస్తుంది. 1977-1998 సంవత్సరాల మధ్య అమెరికా పశ్చిమ రాష్ట్రాలలో 23 మందికి పిల్లుల వలననే ప్లేగు సోకినది. బయట వేటాడి వచ్చే పిల్లి వేటతోబాటు వ్యాధిని కూడ ఇంటికి తేగలదు.

మరి పిల్లి మన పొలాల పందికొక్కును అణచగలదా? పెద్ద పందికొక్కు ఒక కిలో వరకు తూగుతుంది. పిల్లులు చిట్టెలుకలను, ఎలుక పిల్లలనే ఎక్కువగా పడతాయి. బలిసిన పెద్ద ఎలుకల జోలికి అరుదుగా పోతాయి. పొలం గట్లు త్రవ్వి, పొగబెట్టి పందికొక్కులను పట్టే యానాదుల నేర్పు ముందు పిల్లి వేట ఏపాటిది? రాత్రి పొలాన పిల్లికి సులభంగా చిక్కేవి చిట్టెలుకలు, కప్పలు, బల్లులు, గూటిలోని పక్షులు.

ఈ పందికొక్కు పేరుకు ఒక విచిత్ర చరిత్ర ఉన్నది. ఆంగ్లేయులు 1611లో మచిలీపట్నంలో వర్తకశాల నెలకొల్పారు. తెలుగువారి నోట విన్న ‘పందికొక్కు’ మాట కాలక్రమాన వారి భాషలో ‘బాండికూట్’ అయినది. ఆస్ట్రేలియాలో కంగారువలె సంచిలో పిల్లలను మోసే ఒక చిన్న జంతువును చూచి ఆంగ్లేయులు దానికి కూడ ఈ పేరే పెట్టారు. జార్జి బాస్ అనే యాత్రికుడు 1799లోనే ఈ పేరును వాడాడు. ఆ జంతువు ఎలుక కాదు, ఎలుకకు చుట్టమూ కాదు.

ఆ ఖండానికి పిల్లి 1788లో ఆంగ్లేయుల ఓడలలో చేరినది. పిల్లి అంటే ఎరుగని అక్కడి చిన్న జంతువులకు తప్పించుకొనే విద్య లేదు. ఆనాటి నుండి అక్కడ ముప్ఫైకి పైగా క్షీరద జాతులు అంతరించాయి. అందుకు పిల్లులు, నక్కలు ముఖ్య కారణాలు. అంతరించిన వాటిలో బాండికూట్లు కూడ ఉన్నాయి. మిగిలిన వాటిలో తూర్పు చారల బాండికూట్‌ను విక్టోరియా రాష్ట్రంలో కంచెల మధ్య, నక్కలు లేని దీవులలో పెంచి కాపాడవలసి వచ్చినది.

మెల్బోర్న్ సమీపాన కొండలలోని షెర్‌బ్రూక్ స్థానిక సంస్థ, లైర్ పక్షుల రక్షణకై 1991లో రాత్రిపూట పిల్లులను ఇంటనే ఉంచాలని నియమం చేసినది. అయితే పగలు తిరిగే పక్షులకు రాత్రి కట్టడి చాలదు. అందుచేత రాజధాని కాన్‌బెర్రాలో 2022 జులై 1 తరువాత పుట్టిన పిల్లులను రాత్రింబవళ్ళు యజమాని ఆవరణలోనే ఉంచాలని శాసించారు.

మన దేశం ఆస్ట్రేలియా కాదు. ఇక్కడి జీవులు అడవిపిల్లులను అనాదిగా ఎరుగును. అయినా మనకూ జాగ్రత్త అవసరమే. దివిసీమ చివర మడ అడవులలో, 1989లో ఏర్పడిన కృష్ణా అభయారణ్యంలో, చేపలను పట్టి తినే నీటిపిల్లి నివసిస్తున్నది. ఇంటి పిల్లుల అంటువ్యాధులలో కొన్ని అట్టి జాతులకు కూడ సోకగలవు. ఇక ఊరిలో బండ్లు, కుక్కలు, ఎలుకలకు పెట్టిన విషం పిల్లికే ప్రమాదం.

కనుక ప్రొద్దు గ్రుంకే వేళకు పిల్లికి తిండి పెట్టి లోపల ఉంచుట మేలు. రేబిస్ టీకా వేయించుట తప్పనిసరి. ధాన్యం ఉన్న ఇంట అది ధాన్యం గదిలోనే కాపలా ఉండవచ్చును. పూర్వం తలుపు తీసి ఉంచినది గాదె కొరకు. గాదె లేని ఇంట ఆ తలుపు తీసి ఉంచుటకు కారణం లేదు.