రాతి అద్దం

మా అమ్మ నాటి అద్దానికి రసం ఊడిపోయిందని మొన్న పారేయబోయాను. అంతలో టర్కీలోని చాతల్‌హొయుక్ గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది.

కంచు అద్దం పుట్టడానికి ఎంతో ముందు, సుమారు 8,000 ఏళ్ళ కిందట, ఆ ఊరివాళ్ళు అగ్నిపర్వతపు నల్లగాజును అరగదీసి, నునుపుచేసి అద్దాలు చేసుకున్నారు. కొన్నిటి వెనక సున్నపు గచ్చు మెత్తారు. గాజురాయి కప్పడోకియా కొండల నుంచి రావాలి. "అంత తీరిక ఎక్కడిదమ్మా?" అంటారేమో! గోధుమలు పండించి, కుండలు కాల్చి, గోడలు అలుక్కుంటూనే చేశారు మరి.

చనిపోయినవాళ్ళని ఇంటి నేల కిందే పాతిపెట్టుకునేవారు. 1960లలో తవ్వితే ఈ అద్దాలు దొరికాయి, ఎక్కువగా ఆడవాళ్ళ సమాధుల్లోనే. ఎవరిదో ముఖం, పేరైనా మిగల్లేదు. ఆమె అద్దాన్ని మాత్రం ఇంట్లోవాళ్ళు ఆమె దగ్గరే ఉంచారు.

అమ్మ అద్దాన్ని తుడిచి, మళ్ళీ గోడకి తగిలించాను.