జీతపు పట్టీ నుంచి బ్యాంకు మ్యాండేటు దాకా: ఉప్పల్, నాచారం పారిశ్రామిక వాడల్లో స్వయంచాలక పొదుపు

ఉపోద్ఘాతం

నెలసరి ఆదాయంలో కొంత భాగం చేతికి రాకముందే పొదుపు ఖాతాకు చేరేలా ఏర్పాటు చేయడాన్ని ఇటీవలి ఆర్థిక సాహిత్యం ప్రవర్తనా అర్థశాస్త్రం అందించిన ఉపాయంగా పరిగణిస్తున్నది. రిచర్డ్ థేలర్, ష్లోమో బెనార్ట్జి 2004లో ప్రకటించిన అధ్యయనం, అమెరికా 2006లో చేసిన పింఛను రక్షణ చట్టం, బ్రిటన్‌లో 2012లో మొదలైన ఆటోమేటిక్ నమోదు ఈ చర్చలో తరచూ ప్రస్తావనకు వస్తాయి. హైదరాబాదు తూర్పు అంచున ఉన్న ఉప్పల్, నాచారం పారిశ్రామిక వాడలకు ఈ పద్ధతి అంతకు దశాబ్దాల ముందే పరిచయమైంది. అక్కడ దాన్ని నడిపింది కంప్యూటరు కాదు, జీతపు పట్టీలోని ఒక గడి. ఆ గడి చరిత్రను అనుసరిస్తే రెండు ప్రశ్నలు ముందుకు వస్తాయి: కోత పడే సమయానికి డబ్బు ఎవరి చేతిలో ఉన్నది? ఆ కోత గమ్యం చేరకపోతే జవాబుదారీ ఎవరు?

కోతకు చట్టరూపం

హైదరాబాదు రాజ్యంలో ఈ పద్ధతికి పూర్వరూపం ప్రభుత్వోద్యోగుల జీవిత బీమా. 1907లో నిజాం ప్రభుత్వం నెలకొల్పిన బీమా నిధి, రాష్ట్రాలు మారినా పేర్లు మార్చుకుంటూ నేటికీ కొనసాగుతున్నది. ప్రీమియం జీతంలోనే మినహాయింపు అవుతుంది. అయితే అది సర్కారు కొలువు ఉన్నవారికి దక్కిన సదుపాయం. కర్మాగార కార్మికుని అనుభవంలో ‘కోత’ అనే మాటకు వేరే అర్థం ఉండేది. ఆలస్యానికి జరిమానా, చెడిన సరుకుకు నష్టపరిహారం, గైర్హాజరుకు కత్తిరింపు, ఇవన్నీ కోతలే.

1936 నాటి వేతన చెల్లింపు చట్టం ఈ నేపథ్యంలో వచ్చింది. యజమాని ఇష్టానుసారం జీతం కోయడానికి వీలులేదని చెప్పి, అనుమతించిన కోతలను ఏడవ సెక్షనులో ఒక్కొక్కటిగా పేర్కొన్నది. ఆ జాబితాలో భవిష్యనిధి చందా, సహకార సంఘానికి చెల్లింపు, తపాలా బీమా ప్రీమియం ఉన్నాయి. అంటే, యజమాని చేతికి కంచె వేసిన చట్టమే ఆ కంచెలో పొదుపు కోసం ఒక వాకిలి తెరిచింది. 1964 సవరణ మొత్తం కోతలకు వేతనంలో సగాన్ని పరిమితిగా విధించి, సహకార సంఘాల చెల్లింపులు కలిసిన సందర్భంలో ఆ పరిమితిని 75 శాతానికి పెంచింది. నెల జీతంలో పావు వంతే ఇంటికి చేరవచ్చునని చట్టం ఒప్పుకోవడం గమనార్హం. సంఘం వద్ద పొదుపూ అప్పూ ఒకే ఖాతా పుస్తకంలో నడుస్తాయి కనుక, పొదుపు పేరిట తెరిచిన వాకిలి నుంచే అప్పు వాయిదా కూడా వెళ్లిపోయేది.

1951 నవంబరులో ఆర్డినెన్సుగా వచ్చి 1952లో చట్టమైన ఉద్యోగుల భవిష్యనిధి మొదట సిమెంటు, సిగరెట్లు, ఇంజనీరింగు, ఇనుము-ఉక్కు, కాగితం, వస్త్రాలు అనే ఆరు పరిశ్రమలకు, 50 మందికి పైబడిన సంస్థలకు వర్తించింది. తొలి చందా రేటు 6.25 శాతం. ఈ అంకె శాతాల్లో చూస్తే వింతగా కనిపిస్తుంది. పదహారణాల రూపాయికి ఒక అణా అని చదువుకుంటే దాని తర్కం తెలుస్తుంది. కార్మికుడు అణా ఇస్తే యజమాని అణా కలపాలి. జీతపు పట్టీ రాసే గుమస్తాకు అంతకన్నా సులువైన లెక్క లేదు.

నాచారం వాడలో గడి

1960, 70 దశకాల్లో నగరం తూర్పువైపు విస్తరించింది. 1967లో ఇ.సి.ఐ.ఎల్., 1971లో అణు ఇంధన సముదాయం వంటి కేంద్ర సంస్థలు పొరుగునే వెలిశాయి. 1973లో రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏర్పడింది. ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చర్లపల్లి వాడల్లో చిన్న, మధ్యతరహా సంస్థలు బారులు తీరాయి. చిన్న సంస్థలు కావడమే ఇక్కడి పొదుపు చరిత్రలో కీలకమైన విషయం. 1960 చివరలో చట్టం పరిమితి 50 నుంచి 20 మందికి దిగినా, కొత్తగా మొదలైన సంస్థలకు తొలి సంవత్సరాల్లో మినహాయింపు ఉండేది. దాన్ని 1997లో తొలగించారు. పందొమ్మిది మందితో నడిచే షెడ్డుకు ఆ తరువాత కూడా చట్టం దూరమే. ఒకే వీధిలో ఎదురెదురు షెడ్లలో ఒకే పని చేసే ఇద్దరిలో ఒకరికి గడి ఉండి, మరొకరికి లేకపోవడానికి ఆస్కారం ఏర్పడింది.

గడి ఉన్నవారి అనుభవం కూడా ఏకరీతిగా ఉండదు. అదే పట్టీలో ఇ.ఎస్.ఐ. కోత ఉంటుంది. దాని ప్రతిఫలం నాచారంలోనే ఆసుపత్రి రూపంలో కంటికి కనిపిస్తుంది. పి.ఎఫ్. కోత కంటికి ఆనదు. దాని కోసం బర్కత్‌పురలోని భవిష్యనిధి భవనానికి వెళ్లవలసి వచ్చేది. కార్మికునికి ఏడాదికొకసారి వచ్చే ఖాతా స్లిప్పే ఆధారంగా ఉండేది. మినహాయించిన సొమ్మును యజమాని నిధికి కట్టకపోతే ఆ సంగతి ఆలస్యంగా గాని బయటపడేది కాదు. ఈ లోపాన్ని గుర్తించే 1973 సవరణ భారత శిక్షాస్మృతి 405వ సెక్షనుకు ఒక వివరణను చేర్చింది: కార్మికుని వాటా కోసి నిధికి జమ చేయని యజమాని ఆ సొమ్మును నమ్మకంతో అప్పగించుకున్నవాడేననీ, దాన్ని ఎగవేయడం నమ్మకద్రోహ నేరమనీ. స్వయంచాలక పొదుపు చరిత్రలో ఇది ముఖ్యమైన ఘట్టం. కోసిన క్షణం నుంచి ఆ డబ్బు కార్మికునిదేనని చట్టం తేల్చింది.

కాంట్రాక్టు కార్మికుల విషయంలో ఈ రక్షణ మరోవిధంగా సడలింది. కాంట్రాక్టరు మారితే ఖాతా సంఖ్య మారేది. పాత ఖాతాను కొత్తదానికి బదిలీ చేయించడానికి ఫారం 13, మొత్తం తీసుకోవడానికి ఫారం 19. రెండింటికీ పాత యజమాని సంతకం అవసరమయ్యేది. రెండు నెలల నిరుద్యోగం తరువాత సొమ్ము తీసేసుకోవడమే చాలామందికి తేలికైన దారిగా ఉండేది. వాడమార్పు జరిగినప్పుడల్లా పొదుపు మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. పనిచేసినంత కాలమూ కోత పడుతూనే ఉన్నా, వృద్ధాప్యానికి మిగిలేది చివరి కాంట్రాక్టరు కాలపు సొమ్ము మాత్రమే. 2014లో వచ్చిన సార్వత్రిక ఖాతా సంఖ్య ఈ తెగిన దారాలను ముడివేసే ప్రయత్నం. ఆ మార్పు ఒక తరం ఆలస్యంగా వచ్చిందనడం అతిశయోక్తి కాదు. చిట్టీలు ఈ వాడల్లో ఆదరణ కోల్పోకపోవడాన్ని కూడా ఈ వెలుగులోనే అర్థం చేసుకోవాలి. చిట్టీ పాడుకున్నవానికి డబ్బు అవసరమైన నెలలోనే అందుతుంది, పాత యజమాని సంతకంతో పని లేదు.

ఉప్పల్ రోడ్డు మీద ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వంటి కేంద్ర సంస్థల్లో చిత్రం వేరు. అక్కడి ఉద్యోగికి సాధారణ భవిష్యనిధి కోతతోపాటు ఖాయమైన పింఛను ఉండేది. 2004 జనవరి 1 తరువాత చేరినవారికి కోత మిగిలింది, ఆ ఖాయం పోయింది. కొత్త పింఛను పథకంలో సొమ్ము మార్కెట్టుతోపాటు హెచ్చుతగ్గులకు లోనవుతుంది.

పట్టీ నుంచి ఖాతాకు

2014 తరువాత జనధన్ ఖాతాలు విస్తరించాయి. 2017 వేతన చెల్లింపు సవరణ తరువాత యజమాని కార్మికుని రాతపూర్వక అనుమతి లేకుండానే జీతాన్ని బ్యాంకులో వేయవచ్చు. 2015లో వచ్చిన అటల్ పింఛను యోజన చందా పొదుపు ఖాతా నుంచి తనంతట తానే కోతపడుతుంది. జాతీయ చెల్లింపుల సంస్థ నడిపే నాచ్ వ్యవస్థ, 2020లో వచ్చిన యు.పి.ఐ. ఆటోపే రికరింగ్ డిపాజిట్టుకూ, మ్యూచువల్ ఫండు వాయిదాకూ, బైకు అప్పు కిస్తీకీ ఒకే రకంగా ఉపయోగపడతాయి.

ఇక్కడ కోత చోటు మారింది. డబ్బు ముందు కార్మికుని ఖాతాకు చేరి, ఆ తరువాత మ్యాండేటు ప్రకారం బయటికి వెళుతుంది. బాధ్యత కూడా దానితోపాటు చేతులు మారింది. చెల్లింపుల వ్యవస్థల చట్టం 2007, 25వ సెక్షను ప్రకారం అప్పు తీర్చడానికి ఇచ్చిన ఎలక్ట్రానిక్ బదిలీ ఖాతాలో డబ్బు చాలక విఫలమై, నోటీసు వచ్చిన తరువాత కూడా బాకీ కట్టకపోతే ఖాతాదారు శిక్షార్హుడు. రెండేళ్ల వరకు జైలు, లేదా ఆ మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ. పొదుపు వాయిదా తప్పడం నేరం కాదు. అయితే బ్యాంకు రుసుము మాత్రం రెండింటికీ పడవచ్చు. జీతం నాలుగు రోజులు ఆలస్యమైన నెలలో మొదట ఏ మ్యాండేటు వచ్చి తగిలితే అదే మిగిలిన డబ్బును పట్టుకుపోతుంది. 1973లో చట్టం యజమానిని నిలబెట్టిన బోనులో ఇప్పుడు ఖాతాదారు నిలబడే పరిస్థితి వచ్చింది.

మరొక వ్యత్యాసం అంతగా చర్చకు రాలేదు. భవిష్యనిధి చట్టం పదవ సెక్షను ప్రకారం సభ్యుని ఖాతాలోని సొమ్మును అతని అప్పుల కోసం ఏ కోర్టూ జప్తు చేయడానికి వీలులేదు. అదే కార్మికుడు ఆటో డెబిట్ ద్వారా నెలనెలా కూడబెట్టిన రికరింగ్ డిపాజిట్టును, అదే బ్యాంకులో అతనికి అప్పు బకాయి ఉంటే, బ్యాంకు ఆ బకాయి కింద సర్దుబాటు చేసుకోవచ్చు.