ఎండ్రికాయ తల్లి మీద నింద

ఎండ్రికాయ పిల్లలు తల్లి కడుపు చీల్చుకుని పుడతాయని మీరూ వినే ఉంటారు. మా ఇబ్రహీంపట్నం దిక్కు పెద్దోళ్లు ఇప్పటికీ అంటరు. ఈ మాట ఎంత పాతదంటే, సంస్కృత భారతం వనపర్వంలో ద్రౌపది నోటే వస్తుంది. తనను ఎత్తుకుపోవడానికి వచ్చిన సైంధవుడికి ఆమె చెప్పిన పోలికలివి: వెదురు, అరటి కాసేది తమ చావుకే, ఆడ ఎండ్రికాయ కడుపు మోసేదీ అందుకే, నువ్వు నన్ను ముట్టుకోవడమూ అంతే. వెదురు, అరటి సంగతి నిజమే. పూసిన వెదురు ఎండిపోతుంది, గెల వేసిన అరటిబోదె మళ్లీ కాయదు. నా పేచీ అంతా ఎండ్రికాయ గురించే.

ఇబ్రహీంపట్నం పెద్దచెరువు 16వ శతాబ్దంలో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలం నాటిది. చరిత్ర రాసేవాళ్లు రాజు పేరు రాసి ఆగిపోతారు. చెరువు కింద మడి తడిశాక ఎవరెవరు వచ్చి చేరారో ఎవరూ రాయరు. గెట్టుకు బొక్క పెట్టి నీళ్లు పోగొట్టే ఎండ్రికాయను రైతు తిట్టుకోవడం మాత్రం మిగిలింది.

సముద్రపు పీత లక్షల గుడ్లు పెడుతుంది. పిల్లలు పీత పోలికే లేకుండా పుట్టి, నీళ్లలో కొట్టుకుపోతూ రూపాలు మార్చుకుంటాయి. క్రిస్మస్ దీవిలోని ఎర్ర పీతలు అడవిలో బతుకుతాయి, అయినా గుడ్లు వదలడానికి ఏటా సముద్రానికి నడవాల్సిందే. మన మడి ఎండ్రికాయ ఆ బాకీ తెంపుకుంది. గుడ్లు కొద్ది, కానీ పెద్దవి. పొట్ట కింద మడతపెట్టుకున్న వెడల్పాటి రేకులో వాటిని మోస్తుంది. బుల్లి ఎండ్రికాయలుగానే పొదిగిన పిల్లలు కొన్నాళ్లు ఆ రేకు కిందే ఉంటాయి. చచ్చిన తల్లిని ఎవరో తిరగేసి ఉంటారు, రేకు తెరుచుకుని పిల్లలు బిలబిలా బయటికి వచ్చి ఉంటాయి. నింద అక్కడే పుట్టిందని నా ఊహ.

ఫాబ్రీషియస్ 1798లో మన వైపు పొలం పీత ఒకదానికి 'సెనెక్స్' అని పేరు పెట్టాడు. లాటిన్‌లో ముసలాడని అర్థం. తర్వాత తిరుపతి వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో దాని పునరుత్పత్తి మీద ఏళ్లతరబడి ప్రయోగాలు జరిగాయి. కీలకమంతా కంటికాడలో ఉంది. అండాశయాన్ని ఎదగనీయకుండా ఆపే హార్మోను అక్కడినుంచే వస్తుంది. 1943లో ఫ్రాన్స్‌లో పనూజ్ ఒక రొయ్యకు కంటికాడలు తీసేస్తే, కాలం కాని కాలంలో దాని అండాశయం పెరిగింది. కోస్తా హేచరీల్లో తల్లి రొయ్యకు ఒక కన్ను నలిపేసే పద్ధతి ఆ దారిలో వచ్చిందే. తల్లికి హాని జరిగే చోటు ఏదైనా ఉంటే అది ఆ తొట్టెల్లోనే ఉంది, అదీ పిల్లల వల్ల కాదు.

గెట్లు ప్లాట్లయినచోట ఎండ్రికాయ దొరకదు. ఫ్లాట్‌లో ఉండేవాళ్లు పూలకుండీ ఎత్తి చూడండి. ముట్టుకుంటే బంతిలా ముడుచుకునే బూడిదరంగు పురుగు ఉంటే, అది ఎండ్రికాయకు దూరపు చుట్టం. ఆడదానికి పొట్ట కింద తడి సంచి ఉంటుంది, గుడ్లు పొదిగేది అందులోనే. అందులోంచి బయటికొచ్చే తెల్లటి పిల్లకు ఆరు జతల కాళ్లే ఉంటాయి. ఏడో జత తర్వాత వస్తుంది.