నమూనా రైలు పటము – గీసినవారి పేరు

హైదరాబాదు పాతనగరంలోని దబీర్‌పురా పేరులో ‘దబీర్’ అనునది పారసీక పదము. లేఖకుడు, కార్యదర్శి అని దాని అర్థము. పూర్వపు లేఖకులు గ్రంథమునకు ప్రతి వ్రాసినప్పుడు చివర తమ పేరు, ఊరు, కాలము చేర్చే ఆచారము ఉండేది. మూలకర్త ఎవరు, ప్రతి చేసినది ఎవరు అనునది దానివలన స్పష్టముగా తెలిసేది. నమూనా రైళ్ళు తయారుచేసేవారికి నేడు అదే వివేకము కావలెను.

ఈ అభిరుచి పటముల మూలముగానే వ్యాపించినది. 1898లో పెర్సివల్ మార్షల్ ఇంగ్లండులో ‘మోడల్ ఇంజినీర్’ పత్రికను స్థాపించినాడు. పూర్వము రైల్వేలో పనిచేసిన లిలియన్ లారెన్స్, ‘ఎల్.బి.ఎస్.సి.’ అను కలంపేరుతో, 1920ల నుండి అందులో చిన్న ఆవిరియంత్రముల పటములు ప్రకటించినాడు. ఆయన ‘టిచ్’ యంత్రమును ఎందరో నిర్మించినారు. కొందరు తమకు తోచిన మార్పులు చేసినారు. అయినను అది నేటికీ ఎల్.బి.ఎస్.సి. టిచ్‌గానే ప్రసిద్ధము.

దబీర్‌పురా మీదుగా పోవు మార్గము ఒకప్పుడు మీటరుగేజి. 1990లలో బ్రాడ్‌గేజిగా మారినది. ఆ పాతరైలును నమూనాగా చేయదలచిన విద్యార్థికి వేరొకరు గీసిన బ్రాడ్‌గేజి పెట్టె పటము దొరికినదనుకొందము. పట్టాల మధ్య దూరము 1676 మి.మీ. నుండి 1000 మి.మీ.కు తగ్గినది గదా అని అన్ని కొలతలను అదే నిష్పత్తిలో తగ్గించరాదు. అట్లు చేసినచో 180 సెం.మీ. ద్వారము 107 సెం.మీ. అగును! మనిషి ఎత్తు మారదు గదా. పెట్టె వెడల్పు సుమారు 3.25 మీటర్ల నుండి 2.74 మీటర్లకే తగ్గును. అనగా ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క లెక్క.

కనుక మార్చిన పటము మూలన మూలకర్త పేరు, మూలపటము సంవత్సరము, స్కేలు, మార్చిన కొలతలు, మార్చినవారి పేరు ఉండవలెను. అప్పుడే తప్పు దొర్లినచో అది మూలమునందలిదా, మార్పునందలిదా అని పరీక్షింపవచ్చును. మన పొరపాటు మూలకర్తకు అంటగట్టబడదు. ఆయన శ్రమ మనదిగా చెలామణి కాదు.

చట్టము కూడ దీనిని గుర్తించినది. 1957 నాటి భారత కాపీరైటు చట్టము రేఖాచిత్రములను, ప్లానులను కళాకృతులలో చేర్చినది. హక్కులు అమ్మివేసిన తరువాతను, కర్తనని చెప్పుకొను అధికారము గీసినవానికే ఉండునని 57వ సెక్షను చెప్పుచున్నది. పేరు వ్రాసినంత మాత్రాన అనుమతి లభించినట్లు కాదని కూడ విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. పంచిపెట్టుటకు ముందు అనుమతి అడుగుట మొదటి మెట్టు. పేరు చెప్పుట రెండవది. ఈ రెండును పాటించినవారికి తమ పటములను సంతోషముగా ఇచ్చువారు దొరకుదురు.