చలిజ్వరపు క్రిమి రక్తకణమున జొచ్చు త్రోవ

దక్షిణ ఢిల్లీలో ఐ.ఐ.టి. చేరువనున్న జియా సరాయ్ పేరునకు నేటికిని గ్రామమే గాని, దాని యిఱుకు సందులలో నాగలి కానరాదు. నెట్, గేట్ పరీక్షల కోచింగ్ బోర్డులును, జెరాక్సు దుకాణములును, అద్దెగదులును ఆ యూరంతయు నిండియున్నవి. ఆ గదులలో ప్రొద్దుపోవు వఱకు పాఠములు వల్లెవేయువారిలో మన తెలుగుబిడ్డలును కలరు. జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమును, అరుణా ఆసఫ్ అలీ మార్గమునందలి అంతర్జాతీయ జన్యు ఇంజనీరింగు, జీవసాంకేతిక కేంద్రమును అచటికి రెండుమూడు మైళ్ళ లోపలనే యున్నవి. మలేరియా క్రిమి రక్తకణమున జొచ్చుటకు సాధనములగు మాంసకృత్తులను గూర్చి ఆ కేంద్రమున జరిగిన కృషి మన వైద్యచరిత్రలో ఆదరముతో స్మరింపదగినదని నా దృఢవిశ్వాసము.

ఢిల్లీ ప్రాంతమునకు చలిజ్వరము క్రొత్తది కాదు. 1840 దశకమునందే పశ్చిమ యమునా కాలువ గట్లవెంబడి గ్రామములలో డెంప్‌స్టర్ అను వైద్యుడు జనుల కడుపులు తడవి చూచి, ప్లీహము పెరిగినవారిని లెక్కించి, దానిని బట్టి జ్వరతీవ్రతను నిర్ణయించెను. అప్పటికింకను క్రిమి ఎవరి కంటను పడలేదు. 1880లో లావెరాన్ దానిని రక్తమునందు చూచెను, 1897లో రాస్ మన సికింద్రాబాదున దోమ కడుపులో గుర్తించెను. అయినను ఆ క్రిమి రక్తకణములోనికి ఏ విధముగ ప్రవేశించుచున్నదను ప్రశ్న మిగిలియేయుండెను.

ఆ ప్రవేశము చూడదగిన వింత. మెరోజోయిట్ అనబడు ఆ సూక్ష్మరూపము రక్తకణమును తాకి, దాని పైపొరను కలచివేసి, తన మొన ఆ పొర కెదురగునట్లు తిరిగి, మొనయందలి సంచుల నుండి మాంసకృత్తులను వెలువరించి, వానితో దృఢమైన బంధము నేర్పఱచుకొని, దాదాపు నిమిషకాలములో లోపలికి దూరిపోవును. ఈ వ్యవధియందే అది రక్తమునందలి ప్రతిరక్షకముల కెదురుపడును. ఒకసారి కణమున జొచ్చినచో వానికి చిక్కదు. టీకాను కోరువారి దృష్టి ఈ మాంసకృత్తులపై నిలుచుటకు కారణమిదియే.

త్రోవ చూపినది ఒక రక్తవర్గము. 1950లో ఇంగ్లండున, పలుమార్లు రక్తము నెక్కించుకొనిన డఫీ అను రోగియందు బయటపడుటచే దానికాతని పేరే నిలిచెను. పశ్చిమాఫ్రికా ప్రజలలో అత్యధికుల రక్తకణములపై ఈ డఫీ గుర్తు లేదు. మలేరియా రకములలో నొకటియగు వైవాక్స్ మలేరియాయు వారియందు మిక్కిలి యరుదు. 1932లో కలకత్తాలో నోల్స్, దాస్ గుప్తాలు వర్ణించిన కోతిమలేరియా క్రిమి నోలెసై, డఫీ గుర్తులేని మానవకణములలోనికి చొరజాలదని 1975లో లూయీ మిల్లర్ బృందము చూపెను. ఆ మఱుసటియేడు వైవాక్స్ విషయమునను ఆ గుర్తే ఆధారమని వారు నిరూపించిరి. కలకత్తాలో వర్ణితమైన కోతిక్రిమి మానవరోగపు గుట్టు విప్పుట నాకెప్పుడును విస్మయము గొలుపును.

మిల్లర్ వద్ద పనిచేసిన చేతన్ చిట్నిస్ 1994లో, డఫీ గుర్తును పట్టుకొను క్రిమి మాంసకృత్తులో ఏ భాగము ఆ పని చేయుచున్నదో తేల్చెను. ఆ మాంసకృత్తును ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క ముక్కను కోతి మూత్రపిండమునుండి వచ్చిన కణములపై ప్రదర్శింపజేసి, వానిపై రక్తకణములు పోయగా, ఒక్క రెండవభాగమున్న కణముల చుట్టు మాత్రమే అవి పూరేకులవలె గుమిగూడెను. మఱుసటియేడు ఆయన ఢిల్లీ కేంద్రమునకు వచ్చెను. ఇచటి పని అంతకంటె శ్రమతో కూడినది. ఆ భాగమును బాక్టీరియాలో పుట్టించినచో అది ముడుచుకొనవలసిన తీరున ముడుచుకొనక, కరగని ముద్దలై పేరుకొనును. దానియందలి అమైనో ఆమ్లములలో పండ్రెండు సిస్టీన్‌లు సరియైన జోడీలుగా కలిసిననే గాని అది డఫీ గుర్తును పట్టదు. ఆ ముద్దలను కరగించి, మెల్లమెల్లగా మరల ముడుచుకొనజేసి, శుద్ధిచేయు విధానమును ఇచటివారు సాధించిరి. ఈ నిదానపు పనికి పేరు తక్కువ. నా దృష్టిలో విలువ మిక్కుటము.

మఱొక రకపు మలేరియా కలిగించు ఫాల్సిపారం క్రిమిని 1976 నుండి ప్రయోగశాలలో నిరంతరముగ పెంచుటకు వీలయినది. వైవాక్స్ నట్లు పెంచు విధానము నేటికిని లేదు. ఆ క్రిమి బాధించు ప్రజలలో పేదలే యెక్కువ యగుటయు తోడై, దాని యెడల లోకము ఉపేక్ష వహించెను. అందుచేతనే, ఆ రోగమున్న దేశమునందే దాని ప్రవేశరహస్యమును వెదకుట న్యాయమును, అవసరమును.

ఫాల్సిపారంకై ఈ కేంద్రము రూపొందించిన జైవాక్-1 టీకాను హైదరాబాదున భారత్ బయోటెక్ తయారుచేసెను. అందలి రెండు మాంసకృత్తులలో ఒకటి ప్రతిరక్షకములను బాగుగ కలిగించెను గాని, రెండవదానిచే ఆశించిన ఫలము రాలేదు. డఫీ గుర్తును పట్టు ఆ భాగముతో చేసిన వైవాక్స్ టీకా మొదటిదశ పరీక్ష భారతదేశమున జరిగి, 2018లో దాని ఫలితములు వెలువడెను. పిమ్మట ఆక్స్‌ఫర్డున మోతాదుల నడుమ వ్యవధి పెంచి యిచ్చి చూడగా, స్వచ్ఛందముగ ముందుకు వచ్చినవారి రక్తమున క్రిముల వృద్ధివేగము సగటున 51 శాతము తగ్గినదని 2023లో ప్రకటింపబడెను. అయితే డఫీ గుర్తులేనివారికిని వైవాక్స్ సోకినట్లు 2010లో మడగాస్కరునుండి వార్త వచ్చియున్నది. లేత రక్తకణములపైనున్న ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకమును పట్టుకొను వేఱొక మాంసకృత్తు సంగతియు 2018లో వెల్లడి కాగా, ఈ రెండవ త్రోవను మూయు ప్రతిరక్షకముల పైనను పరిశోధన సాగుచున్నది.