ఖరక్ సింగ్ తలుపు

ఖరక్ సింగ్ అనే మనిషి పేరు మీలో ఎందరు విన్నారో నాకు తెలీదు. ఆయన మంత్రీ కాదు, సినిమా యాక్టరూ కాదు. ఉత్తరప్రదేశ్‌లో ఓ పల్లెటూరి మనిషి. 1941లో ఒక బందిపోటు దోపిడీ కేసులో పోలీసులు పట్టుకెళ్ళారు. సాక్ష్యం ఏమీ లేదని వదిలేశారు. మామూలుగా అయితే కథ అక్కడితో అయిపోవాలి. డబ్బాలో సున్నుండలు తగ్గాయని పిల్లాణ్ణి నిలదీస్తాం, వాడు తినలేదని తేలితే "పోరా, పోయి ఆడుకో" అంటాం. పోలీసువారు అలా అనలేదు. ఆయన పేరు మీద ఒక హిస్టరీ షీటు తెరిచారు. మనవైపు రౌడీ షీటు అంటారే, దానికి అన్నగారన్నమాట.

ఇక అక్కణ్ణించి ఆయన ఇంటికి రాత్రిళ్ళు వచ్చేవారట. చౌకీదార్లూ, కానిస్టేబుళ్ళూ వాకిట్లో నిలబడి కేకలు వెయ్యటం, తలుపు బాదటం, ఒక్కోసారి లోపలికే రావటం. మంచి నిద్రలో లేపి స్టేషనుకు నడవమనటం. పొరుగూరు వెళ్ళాలంటే ఎక్కడికి వెళుతున్నాడో, ఎప్పుడు తిరిగొస్తాడో చౌకీదారుకు చెప్పి మరీ వెళ్ళాలి. ఆయన ఆ ఊరు చేరేలోపు అక్కడి పోలీసులకు కబురు చేరేది. ఇదంతా ఆయన తన పిటిషన్‌లో చెప్పుకున్న గోడు.

ఆ తీర్పు చదువుతున్నంతసేపూ నాకు ఖరక్ సింగ్ కన్నా ఆ తలుపే కళ్ళముందు మెదిలింది. అర్ధరాత్రి తలుపు బాదితే ఏ ఇంట్లో అయినా మొదట ఉలిక్కిపడేది ఎవరు? పక్కలో పసిపిల్లలు, పైట సర్దుకుంటూ లేచే ఆడవాళ్ళు. నేరం ఒకడిదైనా, కాకపోయినా, నిద్ర మాత్రం ఇంటిల్లిపాదిదీ పోతుంది. ఇరుగుపొరుగు తెల్లారి చూసే చూపు సరేసరి.

ఇదేదో ఒక కానిస్టేబులు అత్యుత్సాహం కాదు. ఉత్తరప్రదేశ్ పోలీసు రెగ్యులేషన్లలో 236 అని ఒకటుంది. ఇంటి దగ్గర రహస్యంగా కాపలా వెయ్యటం, రాత్రిళ్ళు ఇంటికి వెళ్ళి చూడటం, రాకపోకలు రాసుకోవటం అన్నీ అందులో ఉన్నాయి. మనిషి అలవాట్లేమిటి, ఎవరితో తిరుగుతాడు, ఆదాయమెంత, ఖర్చెంత అని సబ్ ఇన్‌స్పెక్టరుకు తగ్గని అధికారి అప్పుడప్పుడూ వాకబు చెయ్యాలి. పెళ్ళిచూపులకొచ్చిన మేనత్తలు కూడా ఇన్ని అడగరు! తమాషా ఏమిటంటే, ఈ రెగ్యులేషన్ వెనక శాసనసభ చేసిన చట్టమేదీ లేదు. డిపార్టుమెంటువారు తమకోసం తాము రాసుకున్న నియమాలు, అంతే.

ఖరక్ సింగ్ ఊరుకోలేదు. ఏకంగా సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. చదువుతుంటే నాకు ఆశ్చర్యమేసింది. మనలో ఎందరం వెళతాం?

1962 డిసెంబర్ 18న ఆరుగురు జడ్జీలు తీర్పు చెప్పారు. అందులో నలుగురిది ఒక మాట. రాత్రిపూట ఇంటిమీదికి పోవటం తప్పు, దాన్ని కొట్టేస్తున్నాం అన్నారు. మిగతాదంతా ఉండొచ్చన్నారు. ఎవరో తనని కనిపెడుతున్నారన్న బాధ మనసుకు సంబంధించింది, కాలికి సంకెల వేస్తే కదా నడక ఆగేది అని వాళ్ళ వాదన. ప్రైవసీ అనే హక్కు మన రాజ్యాంగంలో లేదనీ అన్నారు.

తక్కిన ఇద్దరిదీ వేరే మాట. ఆ ఇద్దరి తరఫునా తీర్పు రాసినాయన మన రాజమండ్రి మనిషి, కోకా సుబ్బారావుగారు. ఆయనతో ఏకీభవించినవారు జస్టిస్ జె.సి. షా. సుబ్బారావుగారు 1902లో పుట్టారు. 1954లో ఆంధ్ర హైకోర్టుకూ, రెండేళ్ళ తరవాత ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకూ మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1966లో దేశానికే ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1967లో ఆ ఉద్యోగం వదిలేసి రాష్ట్రపతి పదవికి ప్రతిపక్షాల తరఫున పోటీ చేశారు, జాకీర్ హుస్సేన్‌గారి చేతిలో ఓడిపోయారు. అలా పోటీ చెయ్యటం సబబేనా అని అప్పట్లో చాలామంది ముక్కున వేలేసుకున్నారు. ఆ సంగతి ఇక్కడ అనవసరం లెండి.

ఖరక్ సింగ్ కేసులో ఆయన అన్నది ఇది. పోలీసువాడి కంటి కింద నడిచే నడక స్వేచ్ఛగా నడిచే నడక కాదు. కనిపెట్టి చూస్తున్నారని తెలిసిన మనిషి మనసు ముడుచుకుపోతుంది, అది సంకెల కన్నా తక్కువేం కాదు. అలాంటివాడికి దేశమంతా జైలే. రాజ్యాంగంలో ఆ మాట విడిగా రాసి లేకపోయినా, ప్రైవసీ లేకుండా వ్యక్తి స్వేచ్ఛ అనేది లేదు. కాబట్టి రాత్రి తలుపు బాదటం ఒక్కటే కాదు, 236 మొత్తాన్నీ కొట్టెయ్యాలి. ఇద్దరి మాట నలుగురి మాట ముందు చెల్లదు కదా. లా రిపోర్టుల్లో అచ్చయి, అలా ఉండిపోయింది.

అన్నట్టు, ప్రైవసీ అన్నదానికి తెలుగులో సరైన మాట లేదని పెద్దవాళ్ళు తరచూ విచారిస్తుంటారు. గోప్యత అంటే ఏదో దాస్తున్నట్టుంటుంది. ఏకాంతం అంటే సినిమా పాటలా ఉంటుంది. మా అమ్మమ్మ మాత్రం "చాటు" అనేది. "ఇల్లన్నాక కాస్త చాటుండాలే" అని పెరటివైపు తడిక కట్టించేది. నాకు ఆ మాటే బాగుంది.

మనసుకు కలిగే ఇబ్బంది ఇబ్బందే కాదన్న జడ్జీలను మా హాస్టల్లో ఒక్క నెల పెట్టి ఉంటే తెలిసేది. నేను చదువుకునే రోజుల్లో ఆడపిల్లల ఉత్తరాలు వార్డెన్‌గారు చదివాకే మా చేతికొచ్చేవి, కవరు అంచు చింపి. ఆవిడ చెడ్డమనిషి కాదు. ప్రేమలేఖలు వస్తాయేమోనని ఆవిడ భయం. నాకు తెలిసి ఒక్కటీ దొరకలేదు. కానీ ఏం జరిగిందంటే, మా ఉత్తరాలన్నీ ఒకేలా తయారయ్యాయి. "ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను." నా గదిలో ఒకమ్మాయి ఉండేది. వాళ్ళ నాన్న తాగొచ్చి కొట్టే సంగతులు వాళ్ళమ్మ కూతురికి తప్ప ఇంకెవరికీ చెప్పుకునేది కాదు. మూడోమనిషి చదువుతున్నారని తెలిశాక ఆవిడ ఆ సంగతులు రాయటం మానేసింది. ఆ ఇంట్లో ఏమీ మారలేదు. చెప్పుకునే దారి మాత్రం మూసుకుపోయింది.

"దాచుకునేదేమీ లేనివాళ్ళకు భయమెందుకు?" అని ఈమధ్య ప్రతివాళ్ళూ అడిగేస్తున్నారు. స్నానాలగదికి గడియ పెట్టుకునేది లోపల దొంగనోట్లు అచ్చు వెయ్యటానికా? అంతెందుకు, ఓటు వేసేచోట గవర్నమెంటువారే స్వయంగా అట్ట అడ్డం పెడతారు. ఆ కాస్త చాటు తీసేస్తే ఎన్నిక ఎన్నికేనా?

సుబ్బారావుగారు దేశమంతా జైలే అన్నది ఒక్క మనిషి గురించి. సరిగ్గా అదే కాలంలో, ఒక దేశం మొత్తాన్ని అలా చేసి చూపించినవాళ్ళు ఉన్నారు. తూర్పు జర్మనీలో స్టాసీ అని రహస్య పోలీసు శాఖ. దేశ జనాభా కోటీ అరవై లక్షల పైచిలుకు. స్టాసీలో 1989 నాటికి జీతగాళ్ళు 91 వేలు. వాళ్ళు కాక, పక్కింటివాళ్ళ సంగతులు మోసే వేగులు లక్షా డెబ్భై వేలకు పైనే. అంటే దాదాపు అరవై మందికి ఒకరు, మన లెక్కలో పన్నెండు పదమూడు ఇళ్ళున్న వీధికి ఒకరన్నమాట. కవర్లకు ఆవిరిపట్టి విప్పి, చదివి, మళ్ళీ అంటించేవారు. అనుమానం ఉన్న మనుషుల ఒంటి వాసన గుడ్డముక్కల్లోకి పట్టి, మనం ఊరగాయ దాచినట్టు గాజుసీసాల్లో మూతలు పెట్టి దాచారు, కుక్కల చేత పసిగట్టించటానికి! రాసి పెట్టిన కాగితాలు పక్కపక్కన నిలబెడితే 111 కిలోమీటర్లు. ఇంతా చేసి, తమ కాలికింద నేల కదిలిపోతున్న సంగతి వాళ్ళకే అంతుపట్టలేదు.

1989 నవంబరులో బెర్లిన్ గోడ పడింది. డిసెంబరు 4న ఎర్‌ఫర్ట్ అనే ఊళ్ళో స్టాసీ ఆఫీసు పొగగొట్టంలోంచి నల్లటి పొగ వస్తోంది. కాగితాలు తగలబెడుతున్నారని మొదట గోలపెట్టి, పదిమందినీ పోగేసుకుని లోపలికి నడిచింది ఆ ఊరి ఆడవాళ్ళు. ఆయుధం లేదు, అధికారం లేదు. అలా మొదట చేతికొచ్చిన స్టాసీ జిల్లా ఆఫీసు అదే. దాన్ని చూసి మిగతా ఊళ్ళు కదిలాయి. 1990 జనవరి 15న బెర్లిన్‌లో అసలు ఆఫీసులోకే జనం వెళ్ళారు. ఆ ఆడవాళ్ళు వెళ్ళి ఉండకపోతే ఎంత బూడిదయ్యేదో! 1992 నుంచి ఎవరి ఫైలు వారు చదువుకోవచ్చన్నారు. లక్షలమంది చదివారు. కట్టుకున్న భర్తే తన సంగతులు చేరవేశాడని తెలుసుకున్న భార్య కూడా వాళ్ళలో ఉంది.

మనది ప్రజాస్వామ్యం కదా, అలా జరగదు అంటారా? మన టెలిగ్రాఫు చట్టం 1885 నాటిది. తెల్లవాడు తన అనుమానాల కోసం చేసుకున్నది. వాడు వెళ్ళిపోయినా చట్టం వెళ్ళలేదు, ఫోన్లు వినే అధికారమూ పోలేదు. 1988లో కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే ఫోన్ల టాపింగ్ గొడవలోనే రాజీనామా ఇచ్చారు. ఎవరు గద్దెమీద ఉంటే వాళ్ళకు ఎదటివాళ్ళ మాటలు వినాలనిపిస్తుంది. అందులో పార్టీల తేడా నాకేమీ కనిపించలేదు.

1986లో ఉత్తరాలు విప్పే అధికారం పెంచుతూ ఒక బిల్లు పార్లమెంటు రెండు సభల్లోనూ గెలిచి రాష్ట్రపతి జైల్ సింగ్‌గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన సంతకమూ పెట్టలేదు, తిరిగీ పంపలేదు. సొరుగులో పెట్టుకు కూర్చున్నారు. అది చట్టం కాలేదు. ఆయన మీద ఎన్ని హాస్యాలాడినా, ఈ ఒక్క పనికి మాత్రం నేను దణ్ణం పెడతాను. 2023లో వచ్చిన కొత్త పోస్టాఫీసు చట్టంలో దేశ భద్రత, ప్రజా భద్రత వంటి కారణాల మీద ఉత్తరాలూ పార్సెళ్ళూ విప్పే అధికారం ఉంది.

ఫోన్ల సంగతి మీద సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది. అదీ డిసెంబర్ 18నే, ఖరక్ సింగ్ తీర్పుకు సరిగ్గా 34 ఏళ్ళకు. ఇంట్లో కూర్చుని ఫోన్లో మాట్లాడుకోవటం మనిషి సొంత వ్యవహారమనీ, వినాలంటే హోం సెక్రటరీ స్థాయిలో కాగితం మీద ఉత్తర్వు ఉండాలనీ అన్నది. ఆ ఉత్తర్వు ఇచ్చేవాళ్ళూ, దాన్ని తిరగచూసేవాళ్ళూ గవర్నమెంటు అధికారులే. అత్తగారి మీద ఫిర్యాదు ఆడపడుచుతో చెప్పుకున్నట్టుంటుంది నాకు. 2024లో తెలంగాణలో ఫోన్ల టాపింగ్ ఆరోపణల మీద పోలీసు అధికారులే అరెస్టయ్యారు.

ఇక సుబ్బారావుగారి మాట ఏమైందంటారా? ఆధార్ మీద 2012లో కోర్టుకెళ్ళిన పెద్దాయన, కర్ణాటక హైకోర్టు రిటైర్డు జడ్జి పుట్టస్వామిగారు. అప్పటికే ఎనభై దాటారు. 2015లో ఆ కేసులో కేంద్ర ప్రభుత్వం పాత తీర్పులు బయటికి తీసింది. ఎనిమిదిమంది జడ్జీలు చెప్పిన 1954 నాటిది ఒకటి, ఖరక్ సింగ్‌ది ఒకటి. ప్రైవసీ హక్కు లేదని మీరే అన్నారుగా అన్నది. ఎనిమిదిమంది మాట కాదనాలంటే తొమ్మిదిమంది కావాలి. తొమ్మిదిమంది కూర్చున్నారు. వారిలో మన కృష్ణా జిల్లా జస్టిస్ జాస్తి చలమేశ్వర్ కూడా ఉన్నారు. 2017 ఆగస్టు 24న, 547 పేజీల్లో, తొమ్మిదిమందీ ఒకే మాట చెప్పారు. ప్రైవసీ ప్రాథమిక హక్కు, సుబ్బారావుగారు 1962లో చెప్పిందే సరి.

అదే తీర్పులో ఇంకో ముచ్చట ఉంది. ఎమర్జెన్సీలో, 1976లో, ప్రాణ స్వేచ్ఛలకు కూడా కోర్టు తలుపు తట్టకూడదని చెప్పినవారిలో వై.వి. చంద్రచూడ్ ఒకరు. అది తప్పుడు తీర్పని 2017లో రాసింది ఆయన కొడుకు డి.వై. చంద్రచూడ్. తండ్రి మాట కొడుకు కొట్టెయ్యటం మన ఇళ్ళల్లో రోజూ ఉండేదే గానీ, ఇలా దేశమంతా సంతోషించేట్టు కొట్టెయ్యటం అరుదు. సుబ్బారావుగారు అదే 1976లో పోయారు. తన మాట గెలవటం ఆయన చూడలేదు.

గెలిచింది గదా అని తలుపు మూసుకుని పడుకోవచ్చా అంటే, ఇప్పుడు తలుపు బాదేవాడు రాడు. జేబులో ఫోనే చౌకీదారు. ఎక్కడికి వెళ్ళామో, ఎప్పుడొచ్చామో చెప్పకుండానే దానికి తెలుసు. ఖరక్ సింగ్‌కు కనీసం తనమీద షీటు ఉందని తెలుసు. 2021 లాక్‌డౌన్ రోజుల్లో హైదరాబాదు రోడ్డుమీద పోలీసులు ఒకాయన్ని ఆపి మాస్కు తీయించి ఫొటో తీసుకున్నారు. నా ఫొటో ఎందుకు, ఏం చేస్తారు అని ఆయన నోటీసు ఇచ్చి, చివరికి తెలంగాణ హైకోర్టులో ముఖాలు గుర్తుపట్టే యంత్రాల మీద పిటిషన్ వేశాడు. ఫొటో తీయించుకుని తలవంచుకుపోయినవాళ్ళు ఎందరో!

2022 జూలైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో రౌడీ షీట్ల కేసు ఒకటి విచారణకొచ్చింది. షీటు తెరవటానికి ఆధారం ఏదయ్యా అంటే, పోలీసు స్టాండింగ్ ఆర్డర్లని చూపించారు. వాటి వెనక చట్టమేదీ అని జడ్జిగారు అడిగారు. లేదు. పుట్టస్వామి కేసు ఎదురుగా పెట్టుకుని, ఆ ఆర్డర్ల ఆధారంగా షీట్లు తెరవటానికీ, రాత్రిళ్ళు ఇళ్ళకు వెళ్ళటానికీ వీల్లేదన్నారు.