బ్రౌజరును విడదీయబూనిన కథ

తెర చెడలేదు, మీటలు అరగలేదు. అయినను కంప్యూటరు పనికిరానిదైనది. ఏల? దానికి రావలసిన సవరణలు ఆగిపోయినవి. క్రోమ్‌బుక్ చరిత్రలో ఈ చిక్కు స్పష్టముగా కనబడును.

2009లో గూగుల్ సంస్థ క్రోమ్ ఓఎస్ అను నిర్వహణ వ్యవస్థను ప్రకటించినది. 2011లో క్రోమ్‌బుక్కులు అంగళ్ళకు వచ్చినవి. పనులన్నియు ఇంటర్నెట్టు మీదనే జరుగునని తలచి, వెబ్ పుటలను చూపెడు బ్రౌజరునే అందు ప్రధానాంగముగా చేసిరి. పుటను చూపునదియు, పాస్‌వర్డు నడుగునదియు, తెర మీది కిటికీలను అమర్చునదియు ఒకే ప్రోగ్రాము! గోడతో కలిపి పోతపోసిన తలుపు వంటిదన్నమాట.

బ్రౌజరు వీధి గుమ్మము. ముక్కు మొగము తెలియనివారు వ్రాసిన ప్రోగ్రాములను అది నిత్యము లోనికి రానిచ్చుచుండును. కావున అందలి లోపములను కొన్ని వారములకొకసారి సరిదిద్దవలెను. నిర్వహణ వ్యవస్థ సంగతి వేరు. అది ఒక్కొక్క చిప్పునకు తగినట్లు సిద్ధము కావలెను; చిప్పు తయారుచేసినవారి తోడ్పాటు ఆగినచో ఆ పని కష్టము. రెండును ఒకటిగా నున్నందున, వ్యవస్థకు గడువు తీరిన దినముననే బ్రౌజరునకును తీరెడిది. ఆ గడువైనను కొన్న దినము నుండి కాక, నమూనా వెలువడిననాటి నుండి లెక్కింతురు. పాత నమూనాను చౌకగా కొన్న పాఠశాలకు మిగులు కాలము స్వల్పమే.

ఆండ్రాయిడ్ ఫోనులలో ఇట్టి ముడి విడినది. 2014లో వచ్చిన 5.0 వెర్షన్‌లో, ఇతర యాప్‌ల లోపల పుటలను చూపెడు వెబ్‌వ్యూ అను భాగమును ప్లే స్టోర్ ద్వారా విడిగా సవరించు ఏర్పాటు చేసిరి.

క్రోమ్‌బుక్కునందు అట్టి ప్రయత్నమునకు ‘లాక్రోస్’ అని పేరు. కిటికీలు, పాస్‌వర్డు ఒక ప్రోగ్రామునకు, పుటలు మరొకదానికి అప్పగించిరి. వ్యవస్థ ముసలిదైనను బ్రౌజరు కొత్తగా నుండునని పలువురు ఆశపడిరి. కాని ఏండ్ల తరబడి కలిసి పెరిగిన కోడును విడదీయుట సులభమా? నిన్నటివరకు ఒకే ప్రోగ్రాము లోపల జరిగిన ప్రతి చిన్న పనికిని ఇప్పుడు రెండిటి నడుమ రాయబారము నడుపవలెను. 2024లో గూగుల్ ఈ యత్నమును విరమించినది.

అంతలో ఆయువు మరొక దారిని వచ్చినది. క్రోమ్‌బుక్కుల ఆయువు రెట్టింపైనచో అమెరికాలోని ప్రభుత్వ పాఠశాలలకు 180 కోట్ల డాలర్లు మిగులునని 2023 ఏప్రిలులో అచ్చటి ‘పర్గ్’ అను వినియోగదారుల సంస్థ లెక్కకట్టినది. సెప్టెంబరులో గూగుల్, 2021 నుండి వెలువడిన నమూనాలకు 10 ఏండ్లు సవరణలిత్తునని ప్రకటించినది. ముడి విడలేదు, గడువు మాత్రము పెరిగినది. అట్లయిన ఆ పాత గడువులలో కొంత భాగము యంత్రధర్మము కాదు, సంస్థ నిర్ణయమే యని నాకు తోచుచున్నది.

మీ పాఠశాలలో క్రోమ్‌బుక్కు ఉన్నచో, సెట్టింగులలో దాని సవరణల గడువు తేదీ కనబడును.